మీ కాల్స్ చిట్టాను ఫోన్ కంపెనీ పంచుకోకుండా ఆపడం ఎలా? అమెరికాలోని తెలుగువారి కోసం

అమెరికాలో కొత్త ఫోన్ కనెక్షన్ తీసుకున్నాక బిల్లుతో పాటో, ఈమెయిల్‌లోనో ఒక నోటీసు వస్తుంది. చిన్న అక్షరాలు, పొడవాటి వాక్యాలు. ఆ మధ్యలో ఎక్కడో అసలు సంగతి ఉంటుంది: మీ ఖాతా సమాచారాన్ని మా అనుబంధ సంస్థలతో పంచుకుంటాం, వద్దనుకుంటే 30 రోజుల్లో చెప్పండి, చెప్పకపోతే ఒప్పుకున్నట్టే. మౌనం అర్ధాంగీకారం అని మన పెద్దలన్నారు. ఇక్కడి టెలిఫోన్ నియమాల్లో అది పూర్తి అంగీకారం.

మొదటి ఏడాది ఆ కాగితాన్ని నేనూ చదవకుండా పక్కన పడేశాను. తర్వాత చదివి, మా ఇంట్లోని నాలుగు లైన్లకూ వద్దని చెప్పడానికి ఒక సాయంత్రం పట్టింది. మీకు అంత సమయం పట్టకూడదనే ఇది రాస్తున్నాను. గంట కేటాయిస్తే చాలు.

ఏ సమాచారం గురించి ఈ గొడవ?

1996 టెలికమ్యూనికేషన్స్ చట్టం ద్వారా అమెరికా కమ్యూనికేషన్స్ చట్టంలో చేరిన 222వ సెక్షన్ ఈ సమాచారానికి ఒక పేరు పెట్టింది: కస్టమర్ ప్రొప్రైటరీ నెట్‌వర్క్ ఇన్ఫర్మేషన్. అందరూ పొట్టిగా సీపీఎన్ఐ (CPNI) అంటారు. ఈ నాలుగు అక్షరాలను గుర్తుపెట్టుకోండి. బిల్లులో వెతకాలన్నా, కస్టమర్ కేర్‌తో మాట్లాడాలన్నా ఇవే పనికొస్తాయి. మీరు ఏ నంబరుకు, ఏ వేళకు ఫోన్ చేశారు, ఎంతసేపు మాట్లాడారు, ఎక్కడి నుంచి మాట్లాడారు, ఏ ప్లాను తీసుకున్నారు, ఏ అదనపు సేవలకు డబ్బు కడుతున్నారు, నెలకు బిల్లు ఎంత వస్తోంది అన్నవన్నీ ఇందులోకి వస్తాయి. మీ పేరు, చిరునామా, ఫోన్ నంబరు మాత్రం రావు. మీరు మాట్లాడిన మాటలు కూడా ఇందులో ఉండవు.

మాటలు లేకపోతే ఇక భయమెందుకు అనిపించవచ్చు. ఒక మనిషి వారానికి రెండుసార్లు గుండె వైద్యుడి ఆఫీసుకు, నెలలో మూడుసార్లు ఇమ్మిగ్రేషన్ లాయరుకు, అర్ధరాత్రి దాటాక తరచూ ఒకే నంబరుకు ఫోన్ చేశాడనుకోండి. ఒక్క మాటా వినకుండానే అతని ఆరోగ్యం, వీసా చిక్కు, ఇంటి సంగతి ఎదుటివారికి అందిపోతాయి. మనలో చాలామంది ఊరికి వాట్సాప్‌లోనే ఫోన్ చేస్తారు. ఎవరితో ఎంతసేపు మాట్లాడారన్నది అప్పుడు ఫోన్ కంపెనీ కాల్స్ చిట్టాలోకి ఎక్కదు, వాడిన డేటా మాత్రమే లెక్కకు వస్తుంది. వాట్సాప్ తెలియని అమ్మమ్మకు నేరుగా చేసే ఫోన్లు, ఇక్కడి డాక్టరుకు, బడికి, బ్యాంకుకు చేసే ఫోన్లు మాత్రం చిట్టాలో ఉంటాయి.

నియమం మొదట ఇలా లేదు. ముందుగా కస్టమర్ ‘సరే’ అంటేనే కంపెనీ ఈ సమాచారాన్ని మార్కెటింగ్‌కు వాడాలని టెలికం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 1998లో చెప్పింది. యూఎస్ వెస్ట్ అనే ఫోన్ కంపెనీ కోర్టుకు వెళ్లింది. 1999లో పదో సర్క్యూట్ అప్పీలు కోర్టు, ఆ నియమం కంపెనీ భావప్రకటన స్వేచ్ఛకు అడ్డమంటూ కొట్టేసింది. 2002లో ఎఫ్‌సీసీ దారి మార్చి, ఫోన్ సేవలకు సంబంధించిన మార్కెటింగ్ వరకు ‘వద్దు’ అనే బాధ్యతను కస్టమర్ మీద పెట్టింది. ఆ బరువు అప్పటి నుంచి మన భుజాల మీదే ఉంది. 2007లో మాత్రం ఒక మెరుగు జరిగింది: కంపెనీ తన అనుబంధ సంస్థలూ ఏజెంట్లూ కాకుండా, బయటి వ్యాపార భాగస్వాములకూ కాంట్రాక్టర్లకూ మార్కెటింగ్ కోసం ఈ వివరాలు ఇవ్వాలంటే ముందే మీ అనుమతి అడగాలి. కాబట్టి దుకాణంలో కొత్త ఫోన్ కొనేటప్పుడు ట్యాబ్లెట్ చూపించి ‘ఇక్కడ ఒప్పుకోండి’ అంటే, దేనికి ఒప్పుకుంటున్నారో చదవండి. మీరు అక్కడ ఒక్కసారి నొక్కడమే ఆ ముందస్తు అనుమతి కావచ్చు.

మొదటి పని: ఖాతా ఎవరి పేరు మీద ఉందో తేల్చుకోండి

మనవాళ్ల ఇళ్లలో మొదటి చిక్కు ఇక్కడే. ఎంఎస్ చదవడానికి వచ్చిన పిల్లలు ఖర్చు తగ్గుతుందని నలుగురైదుగురు కలిసి ఒకే ఫ్యామిలీ ప్లాను తీసుకుంటారు. ఖాతా ఒకరి పేరు మీద ఉంటుంది, మిగతావాళ్లు నెలనెలా వాళ్ల వాటా పంపిస్తారు. రెండేళ్లయ్యాక ఒకరు డాలస్‌లో, ఒకరు న్యూజెర్సీలో ఉంటారు, ప్లాను మాత్రం అదే. ఇలాంటి ఖాతాలో చాలా సెట్టింగులను మార్చే అధికారం ఖాతాదారుకే ఉంటుంది. మీరు ఖాతాదారు కాకపోతే మీ సొంత లాగిన్‌తో కొన్ని మాత్రమే కనిపించవచ్చు, అసలేమీ కనిపించకపోనూవచ్చు.

కాబట్టి ఆ స్నేహితుడికి ముందుగా ఒక మాట చెప్పండి. ‘ఒరేయ్, ఇవాళ సాయంత్రం ఒక పావుగంట ఇవ్వు, మన లైన్లన్నిటికీ ప్రైవసీ సెట్టింగులు మార్చుదాం’ అంటే కాదనే స్నేహితుడు ఉండడు. ఖాతాదారు మీరే అయితే ఆ బాధ్యత మీది. మీ ఒక్క నంబరుకు వద్దని చెప్పి ఊరుకోకుండా అందరి తరఫునా చెప్పండి. మరొక సంగతి కూడా ఇక్కడే చెప్పాలి: ఖాతాదారు బిల్లులో మిగతా లైన్ల కాల్స్ వివరాలు చూడగలుగుతారు. కంపెనీకి వద్దని చెప్పినంత మాత్రాన అది ఆగదు. సొంత ఉద్యోగం వచ్చాక సొంత ఖాతాకు మారడమే దానికి మందు.

రెండో పని: నోటీసు వెతకండి

బిల్లు పీడీఎఫ్ తెరిచి, వెతికే పెట్టెలో సీపీఎన్ఐ అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టండి. తొలి బిల్లులోనో, స్వాగతం చెబుతూ వచ్చిన ఈమెయిల్‌లోనో సాధారణంగా దొరుకుతుంది. అక్కడ లేకపోతే కంపెనీ సైట్‌లో అట్టడుగున ఉండే ప్రైవసీ పేజీలో వెతకండి. ఇలా మౌనాన్నే సమ్మతిగా తీసుకునే కంపెనీ రెండేళ్లకోసారి నోటీసు మళ్లీ పంపాలన్నది నియమం. కాబట్టి పాత ఖాతా అయినా ఇటీవలి నోటీసు ఒకటి ఉంటుంది.

30 రోజుల లెక్క ఇలా ఉంటుంది. నోటీసు ఈమెయిల్‌లో వస్తే పంపిన రోజు నుంచి, పోస్టులో వస్తే పంపాక మూడో రోజు నుంచి గడువు మొదలవుతుంది. కంపెనీ కనీసం అన్ని రోజులు ఆగాకే మీ మౌనాన్ని సమ్మతిగా తీసుకోవాలి. గడువు దాటిపోయిందని చాలామంది వదిలేస్తారు. దయచేసి అలా వదిలేయకండి. ఆ 30 రోజులు కంపెనీకి పెట్టిన కట్టుబాటు, మీకు కాదు. పదేళ్ల తర్వాతైనా వద్దని చెప్పే హక్కు మీకుంది, చెప్పినప్పటి నుంచి అది అమల్లోకి వస్తుంది. ఒకసారి చెప్పాక, మీరుగా మార్చుకునేదాకా చెల్లుతుంది. ఇందుకు రుసుము లేదు, మీ సేవల్లో కోత కూడా పెట్టకూడదు.

నోటీసే రాలేదని మీకు అనిపిస్తే అది మీ భ్రమ కాకపోవచ్చు. సుమారు 20 లక్షల మంది కొత్త కస్టమర్లకు ఈ నోటీసు ఇవ్వకుండానే వారి సమాచారాన్ని మార్కెటింగ్‌కు వాడుకున్న వ్యవహారంలో వెరైజన్ 2014లో 74 లక్షల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. ఆ తర్వాత మూడేళ్ల పాటు ప్రతి బిల్లు మీదా వద్దనే హక్కు గురించి ముద్రిస్తామని కూడా ఒప్పుకుంది.

మూడో పని: వద్దని చెప్పండి

దీనికి రెండు దారులున్నాయి. ఒకటి నోటీసులో ఇచ్చిన నంబరుకు ఫోన్ చేయడం. చాలా కంపెనీల్లో మనిషి పలకడు, యంత్రమే పలుకుతుంది. మీ నంబరు నొక్కి, అది అడిగిన వాటికి జవాబిస్తే రెండు మూడు నిమిషాల్లో పని అయిపోతుంది. నోటీసు దొరక్కపోతే మీ మొబైల్ నుంచి 611కు చేసి కస్టమర్ కేర్‌లో మనిషిని అడగండి. అప్పుడు మూడు మాటలు స్పష్టంగా చెప్పాలి: ఒకటి, సీపీఎన్ఐ విషయంలో ఆప్ట్ అవుట్ (అంటే వద్దని చెప్పడం) కావాలి. రెండు, ఖాతాలోని అన్ని లైన్లకూ కావాలి. మూడు, ఇది నమోదైనట్టు ఈమెయిల్‌లోనో మెసేజ్‌లోనో పంపాలి. మార్కెటింగ్ ఫోన్లు రాకుండా చేస్తామని వాళ్లంటే, అది వేరు, ఇది వేరని నెమ్మదిగా మళ్లీ చెప్పండి. ఈ రెండింటినీ కలగలిపేయడం మామూలే.

ఆ ఫోనులోనే ఇంకొకటి జరగవచ్చు. ‘మీకు మరింత మంచి ప్లాను చూపించడానికి మీ ఖాతా వివరాలు చూడమంటారా?’ అని అడుగుతారు. ఆ ఒక్క ఫోన్ పూర్తయ్యేదాకా మీ సమాచారం వాడుకోవడానికి మీ నోటిమాట సమ్మతి సరిపోతుందని నియమాలు చెబుతున్నాయి. ఇష్టం లేకపోతే వద్దనండి. మర్యాదకు సరే అనాల్సిన పని లేదు.

రెండో దారి యాప్‌లో, సైట్‌లో. నా మాట వింటే ఇదే మేలు. ఏం మార్చారో కళ్లముందు కనిపిస్తుంది. ఆన్, ఆఫ్ చేసే మీట ఏ వైపు ఉందో ఫొటో తీసి పెట్టుకోవచ్చు.

నాలుగో పని: మిగతా మీటలు కూడా ఆపండి

సీపీఎన్ఐకి వద్దని చెప్పి, పని అయిపోయిందనుకోవడమే అందరూ చేసే పొరపాటు. ప్రకటనల కోసం, విశ్లేషణల కోసం కంపెనీలు నడిపే పథకాలు వేరే ఉన్నాయి. వాటికి వేరే మీటలు. ఇంటర్నెట్‌లో మీరు ఏ సైట్లు చూస్తారు, ఏ యాప్‌లు వాడతారు అన్న సమాచారం ఎక్కువగా ఈ పథకాల గుండానే వెళుతుంది. దాన్ని కాపాడడానికి ఎఫ్‌సీసీ 2016లో గట్టి నియమాలు తెచ్చింది. అవి పూర్తిగా అమల్లోకి రాకముందే 2017లో అమెరికా కాంగ్రెస్ రద్దు చేసింది. అందువల్ల ఈ మీటలే మనకు మిగిలిన తలుపు గడియలు.

వెరైజన్ అయితే ‘మై వెరైజన్’లోకి ఖాతాదారుగా వెళ్లి ప్రైవసీ సెట్టింగులు తెరవండి. సీపీఎన్ఐ మీట అక్కడే ఉంటుంది. దాని పక్కనే ‘కస్టమ్ ఎక్స్‌పీరియెన్స్’, ‘కస్టమ్ ఎక్స్‌పీరియెన్స్ ప్లస్’, ‘బిజినెస్ అండ్ మార్కెటింగ్ ఇన్‌సైట్స్’ అనేవి కనిపిస్తాయి. మొదటిదాంట్లో మీరు అడగకపోయినా చేర్చి ఉంచుతారు. మీరు చూసే వెబ్‌సైట్లు, వాడే యాప్‌లను బట్టి మీ ఆసక్తులను అంచనా వేయడం దాని పని. ‘ప్లస్’ అనేదానికి మాత్రం మీ అనుమతి కావాలి. ఫోన్ కొన్న రోజున తెలియకుండా ఇచ్చేశారేమో చూసుకోండి. మీట ఆపితే కొత్త సమాచారం వాడడం ఆగుతుంది. అంతకుముందు పోగైనదాన్ని చెరిపేయడానికి ‘రీసెట్’ అనేది విడిగా ఉంది, దాన్ని మరిచిపోకండి.

ఏటీ అండ్ టీలో సీపీఎన్ఐకి ఒక ఫారం, ప్రకటనల పథకాలకు వేరే పేజీ ఉన్నాయి. ‘పర్సనలైజ్డ్’ అనేదాంట్లో మామూలుగా మీరు ఉంటారు, ‘పర్సనలైజ్డ్ ప్లస్’ అనేదాంట్లోకి మీరు ఒప్పుకుంటేనే చేరుస్తారు. ఆ రెండోదాని పరిధి చాలా పెద్దది. రాయితీ ఇస్తామనో, బహుమతి ఇస్తామనో దాన్ని చూపించి ఒప్పుకోమంటే తొందరపడకండి.

టీ-మొబైల్ వాళ్లు ప్రొఫైల్‌లోని ప్రైవసీ విభాగంలో ‘ప్రైవసీ డ్యాష్‌బోర్డ్’ తెరవాలి. ప్రకటనలు, విశ్లేషణలు, పరిశోధన, సమాచారాన్ని అమ్మడం, పంచుకోవడం, ఇలా ఒక్కోదానికి ఒక్కో మీట ఉంటుంది. ఈ కంపెనీ 2021 ఏప్రిల్ 26 నుంచి కస్టమర్ల వెబ్, యాప్ వాడకం సమాచారాన్ని ప్రకటనలకు వాడుకోవడం మొదలుపెట్టింది. వద్దన్నవాళ్లు తప్ప మిగతా దాదాపు అందరూ అందులో ఉన్నట్టే. ఇక్కడ ఒక్కో లైనుకు విడివిడిగా మార్చాల్సి వస్తుంది. పైన లైను పేరు మార్చి, మళ్లీ కిందికి వచ్చి, మళ్లీ మీటలు చూడాలి. విసుగు పుడుతుంది, నిజమే. ఐదు లైన్లుంటే ఐదుసార్లూ చేయండి.

యాప్‌లు మారుతుంటాయి, మెనూల పేర్లూ మారుతుంటాయి. నేను చెప్పిన పేరు కనిపించకపోతే ‘ప్రైవసీ’ అన్న మాట పట్టుకుని వెతకండి.

మింట్, మెట్రో, క్రికెట్, విజిబుల్ లాంటి చౌక ప్లాన్ల వాళ్లు వేరే చోట చూడాలి. నెట్‌వర్క్ పెద్ద కంపెనీదే అయినా మీ ఖాతా ఆ చిన్న బ్రాండు దగ్గర ఉంటుంది. కాబట్టి మింట్ కస్టమరు టీ-మొబైల్ సైట్‌లో కాకుండా మింట్ సైట్‌లోనే చెప్పాలి. ప్రీపెయిడ్‌కు బిల్లు రాదు కాబట్టి నోటీసు ఈమెయిల్‌లోనో సిమ్ పెట్టెలోనో ఉంటుంది. వేసవికి వచ్చిన అమ్మానాన్నలకు మనం కొనేవి ఎక్కువగా ఈ ప్రీపెయిడ్ సిమ్‌లే. నోటీసులు వాళ్ల ఈమెయిల్‌కు వెళ్లి అక్కడే ఉండిపోతాయి. సిమ్ వేసిన రోజే, నాన్న ఫోన్ ఇంకా మీ చేతిలో ఉండగానే, ఈ మీటలు ఆపేయండి.

ఐదో పని: రుజువు దాచుకోండి

తేదీ, సమయం, మాట్లాడినవారి పేరు, వాళ్లిచ్చిన రిఫరెన్స్ నంబరు ఉంటే అది, మీటల ఫొటోలు, అన్నీ ఒకచోట పెట్టుకోండి. నెల తర్వాత మళ్లీ యాప్ తెరిచి చూడండి. కొత్త ఫోన్ కొన్నప్పుడు, ప్లాను మార్చినప్పుడు, కొత్త లైను చేర్చినప్పుడు, కంపెనీ మారినప్పుడు కూడా చూడండి. కొత్త లైనుకు మీ పాత నిరాకరణ వర్తించిందని అనుకోవద్దు. మా ఇంట్లో అబ్బాయికి ఫోన్ కొన్నప్పుడు మిగతా లైన్లలో ఆగి ఉన్న మీట కొత్త దాంట్లో తెరిచి ఉంది.

చేయి పెట్టారు కాబట్టి ఖాతాకు గట్టి పిన్ నంబరు కూడా పెట్టండి. 2007 నియమాల ప్రకారం ఎవరైనా ఫోన్ చేసి కాల్స్ వివరాలు అడిగితే, పాస్‌వర్డ్ చెప్పకుండా కంపెనీ వాటిని ఫోనులో చెప్పకూడదు. పుట్టినరోజునో ఇంటి నంబరునో పిన్‌గా పెడితే ఆ రక్షణ మీరే వదులుకున్నట్టు. మీ నంబరును వేరొకరు తమ సిమ్‌లోకి మార్చుకోకుండా తాళం వేసే సౌకర్యం మూడు పెద్ద కంపెనీల యాప్‌లలోనూ ఉంది. అదీ పెట్టేయండి.

ఇవన్నీ చేసినా ఆగనివి

బిల్లు వేయడానికి, సేవ అందించడానికి, మోసాలు పట్టుకోవడానికి కంపెనీ మీ వివరాలు వాడుకుంటుంది. 911కు ఫోన్ చేస్తే మీరెక్కడున్నారో చెబుతుంది. కోర్టు ఆదేశం వస్తే పోలీసులకు ఇస్తుంది. ఇవి ఆగవు, 911 విషయంలో ఆగకూడదు కూడా. మీరు ఇప్పటికే వాడుతున్న సేవలోనే మరో ప్లాను అమ్మడానికి మీ వివరాలు చూసుకోవడానికీ కంపెనీకి మీ అనుమతి అక్కర్లేదు. అమ్మకాల ఫోన్లు ఆగాలంటే ప్రభుత్వ ‘డు నాట్ కాల్’ జాబితాలో నంబరును విడిగా నమోదు చేసుకోవాలి.

మీ ఆచూకీ సంగతి వేరుగా చెప్పాలి. దీని గురించే నాకు ఎక్కువ బాధ. అమెరికాలోని పెద్ద ఫోన్ కంపెనీలు కస్టమర్లు ఎక్కడున్నారన్న సమాచారాన్ని మధ్యవర్తి సంస్థలకు అమ్మాయి. వాళ్ల దగ్గరి నుంచి అది మరికొందరి చేతికి పోయింది. అలా అందిన సమాచారంతో మిస్సోరీలో ఒక షెరిఫ్ (కౌంటీ పోలీసు అధికారి) సరైన అనుమతి లేకుండా మనుషుల ఆచూకీ తీశాడని 2018లో బయటపడింది. 2024 ఏప్రిల్‌లో ఎఫ్‌సీసీ ఏటీ అండ్ టీ, వెరైజన్, టీ-మొబైల్, స్ప్రింట్‌లకు కలిపి దాదాపు 20 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. కంపెనీలు అప్పీలుకు వెళ్లాయి. 2025లో ఒక కోర్టు ఏటీ అండ్ టీ జరిమానాను కొట్టేసింది, మరో రెండు కోర్టులు మిగతావాటిని సమర్థించాయి. ఆ అమ్మకాలను ఆపడానికి ఆనాడు కస్టమర్ చేతిలో ఏ మీటా లేదు. ఇవాళ ఉన్న మీటలను వాడుకోమని ఇంతగా అడగడానికి కారణం అదే.

కాలిఫోర్నియా, టెక్సస్, న్యూజెర్సీ, వర్జీనియా లాంటి రాష్ట్రాల్లో ఉన్నవారికి అదనంగా రాష్ట్ర చట్టాల అండ ఉంది. కంపెనీ దగ్గర మీ గురించి ఏముందో చూపించమని, చెరిపేయమని, అమ్మవద్దని అడగవచ్చు. ప్రైవసీ పేజీలో మీ రాష్ట్రం ఎంచుకుంటే ఆ ఫారం వస్తుంది. సాధారణంగా 45 రోజుల్లో జవాబు ఇవ్వాలి. నిజంగా ఏముందో ఒకసారి తెప్పించుకుని చూడండి.

కంపెనీ వినకపోతే

వద్దన్నా మీట మళ్లీ తెరుచుకుంటోందా? కస్టమర్ కేర్‌లో తిప్పుతున్నారా? ఎఫ్‌సీసీ సైట్‌లోని కన్స్యూమర్ కంప్లయింట్ సెంటర్‌లో ఫిర్యాదు పెట్టండి. ఫోన్ విభాగం ఎంచుకుని, అందులో ప్రైవసీ అన్న అంశం ఎంచుకోండి. వకీలు అక్కర్లేదు, డబ్బు అక్కర్లేదు, పౌరసత్వం గురించి అడగరు, స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లూ నిశ్చింతగా పెట్టవచ్చు. సైట్‌లో వీలుకాకపోతే 888-225-5322కు ఫోన్ చేసి చెప్పవచ్చు. ఏ తేదీన వద్దన్నారు, ఎలా అన్నారు, తర్వాత ఏం జరిగింది అన్న మూడు విషయాలూ క్లుప్తంగా రాసి, దాచుకున్న ఫొటోలు జతచేయండి. ఎఫ్‌సీసీ ఆ ఫిర్యాదును కంపెనీకి పంపుతుంది. కంపెనీ 30 రోజుల్లోపు రాతపూర్వకంగా జవాబివ్వాలి, ఆ జవాబు మీకూ అందాలి. అక్కడి నుంచి మీతో మాట్లాడేది మామూలు కస్టమర్ కేర్ కాదు, ఇలాంటి ఫిర్యాదులు చూడడానికే కంపెనీ పెట్టుకున్న బృందం. వాళ్లు ఫోన్ చేసినప్పుడు ఖాతాలోని ప్రతి లైను నంబరూ చదివి, ఒక్కోదానికి మీట ఆగిందో లేదో చెప్పించుకోండి.